పంపని ఇంట పెరుగు తోడుకోదు

భాస్కరమ్మగారు బీపీ మాత్రలు మానేసిన సంగతి కోడలు హేమనళినికి వంకాయల వల్ల తెలిసింది.

శనివారం సాయంత్రం ఏరి ఏరి తెచ్చిన అరకిలో నీలం వంకాయలు ఆదివారం ఉదయానికి ఫ్రిజ్జులో మూడే మిగిలాయి. ఎలకలు ఫ్రిజ్జు తలుపు తీయలేవు. భర్త చలపతి వండిన వంకాయనే వంక పెట్టకుండా తినడు, పచ్చిది ముట్టుకోడు. ఇక ఆ ఇంట్లో మిగిలింది అత్తగారే.

అత్తగారు బాల్కనీలో పడక్కుర్చీలో ఉన్నారు. ఎడమకాలు స్టూలు మీద పెట్టుకున్నారు. అరికాలికి నిలువునా కోసిన సగం వంకాయ, దాని మీద పాత జాకెట్టు గుడ్డతో గట్టి కట్టు.

"ఏమిటండీ అత్తయ్యగారూ ఇది?"

"వంకాయ."

"అది కనిపిస్తోందండీ. కాలికెందుకు కట్టుకున్నారు?"

"కుడికాలికి కట్టుకుంటే పనిచెయ్యదట" అన్నారావిడ, కోడలి అనుమానం ఏ కాలు అన్న దాని గురించే అయినట్టు.

ఫోను తీసి చూపించారు. రెండు గులాబీలు, ఆరు దణ్ణాలు, వాటి మధ్యన సందేశం. నీలం వంకాయను కోసి నూట ఎనిమిది రోజులు ఎడమ అరికాలికి కట్టుకుంటే రక్తంలోని బీపీ మొత్తం వంకాయలోకి దిగిపోవును. మాత్రలతో పనిలేదు. తెల్లారేసరికి వంకాయ నల్లబడటమే సాక్ష్యం. ఢిల్లీలో ఒక పెద్ద డాక్టరు కన్నీళ్ళతో చెప్పిన రహస్యం. పదకొండు మందికి పంపండి. పంపనివారికి అరిష్టం.

"కోసిన వంకాయ నల్లబడక ఏమవుతుందండీ? మీరు అరవై ఏళ్ళుగా వంకాయలు కోసి ఉప్పునీళ్ళలో వెయ్యటం లేదూ?"

భాస్కరమ్మగారు ఒక్క క్షణం ఆలోచించారు. "అదీ అందుకేనేమోనే. బీపీ ఉన్న చేతులతోనేగా కోసేది."

"ఈ పెద్ద డాక్టరు పేరేమిటి?"

"అంత పెద్దాయనకి పేరెందుకే అమ్మాయ్!"

హేమనళిని బీపీ మిషను తెచ్చి అత్తగారి చేతికి చుట్టింది. నూట డెబ్బై ఎనిమిది, నూట నాలుగు. మాత్రలు మానేసి అప్పటికి తొమ్మిది రోజులట. ఇంకా తొంభై తొమ్మిది రోజుల దీక్ష ఉంది. ఆవిడ అక్కగారు ఇలాగే మాత్రలు మానేసి పక్షవాతంతో మూడేళ్ళు మంచాన ఉన్నారు. ఆ సంగతి గుర్తుచేస్తే, "పాపం, దానికి వంకాయ సంగతి తెలీదు" అన్నారు.

హేమనళిని బతిమాలింది, కోప్పడింది. చలపతి కూడా కొడుకు హోదాలో ఒకసారి గట్టిగా అరిచి, టిఫిను చల్లారిపోతోందని వెళ్ళిపోయాడు. చివరికి భాస్కరమ్మగారు సరేనని, మర్నాటి నుంచి రోజూ మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, కొడుకూ కోడలూ ఆఫీసులకు బయల్దేరగానే తులసి కుండీ దగ్గరికి వెళ్ళి ఉమ్మేసేవారు. తులసి మొక్కకు బీపీ ఉంటే ఆ వారంలో నయమైపోయి ఉండేది. డాక్టరు దగ్గరికి పదండంటే మాత్రం, "నూట ఎనిమిదీ కానీ, వెళ్ళి ఆయనకి వంకాయే చూపిద్దాం" అన్నారు.

ఇందులో హేమనళినికి అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకున్నది ఇంకొకటి. ఇలాంటివి అబద్ధాలని జనానికి చెప్పటమే ఆమె ఉద్యోగం.

*

కాకినాడలో వైద్య అపోహల నివారణ సంస్థ అని ఒకటుంది. హేమనళిని అందులో ముఖ్య శాస్త్రవేత్త. జీవరసాయన శాస్త్రంలో డాక్టరేటు, పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఆ సంస్థ పద్ధతి ఏమిటంటే, ఏదైనా అపోహ బయల్దేరగానే శాస్త్రవేత్త దాని మీద పరిశోధన పత్రాలన్నీ చదివి నాలుగు వాక్యాల్లో ఖండన రాస్తుంది. ఆ నాలుగు వాక్యాలూ ఏడు బల్లలు దాటుతాయి. బల్ల దాటినప్పుడల్లా ఒక వాక్యానికి ప్రాణం పోతుంది.

వంకాయ మీద ఆమె "ఇది అబద్ధం. మాత్రలు మానకండి" అని రాసింది. పన్నెండు రోజుల తర్వాత అది ఈ రూపంలో వెలువడింది:

"ఇందుమూలముగా సమస్త ప్రజానీకమునకు తెలియజేయునది ఏమనగా, వృంతాక ఫలమును వామపాదతలమున ధరించుట వలన రక్తపోటు ఉపశమించునను ప్రచారము నిరాధారమని సంస్థ భావించుటకు అవకాశము కలదు."

వృంతాకం అంటే వంకాయేనని కనుక్కోవటానికి సంస్థలోనే ఇద్దరు నిఘంటువు తిరగేశారు. 'అవకాశము కలదు' అన్నది న్యాయ విభాగం చేర్చింది. రేపు వంకాయ నిజంగానే పనిచేస్తే సంస్థ ఇరుకున పడకూడదని వారి ముందుచూపు.

వంకాయ సందేశం ఆ పాటికి పదహారు లక్షల మందికి చేరింది. ఖండనను ఫార్వర్డు చేసినవారు పదముగ్గురు. అందులో పన్నెండు మంది సంస్థ ఉద్యోగులు. పదమూడోవాడు సూపరింటెండెంటు పేర్రాజు బావమరిది. అతను ఏది వచ్చినా చూడకుండా ముందుకు తోసే మనిషి.

ఆ లెక్క చూసి డైరెక్టరు దివాకరంగారు సమావేశం పెట్టారు. ఆయన అంతకు ముందు వారమే ప్రజాసమాచారం మీద మూడురోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. శిక్షణ నుంచి వచ్చిన అధికారి, కొత్తగా పళ్ళు కట్టించుకున్న మనిషి ఒకటే. కొరికి చూడందే నిద్రపట్టదు.

"లోపం ఎక్కడుంది?" అని అడిగారు దివాకరంగారు. "మన సత్యంలో లేదు. సత్యం యొక్క బట్వాడాలో ఉంది. అపోహ దగ్గర ఉండి మన దగ్గర లేనిది ఏమిటో గుర్తించి, తదనుగుణంగా సత్యమునకు సదరు సౌకర్యములు కల్పించాలి. హేమనళినిగారూ, ఏమంటారు?"

హేమనళిని ఆ ఉదయమే తులసి కుండీలో తొమ్మిది మాత్రలు ఏరి వచ్చింది.

"ఏముందండీ," అంది. "వాళ్ళు గులాబీలు పెడతారు. పేరులేని పెద్ద డాక్టర్ని ఏడిపిస్తారు. పదకొండు మందికి పంపకపోతే అరిష్టమని శాపం పెడతారు. మనం గవర్నమెంటువాళ్ళం, శాపాలు పెట్టలేం కదా!"

వ్యంగ్యానికి ఫైలు నంబరు పడదని ఆమె ధీమా. పేర్రాజు అప్పటికే రాసేసుకున్నాడు: 'ముఖ్య శాస్త్రవేత్త వారి ప్రతిపాదన: ఒకటి, గులాబీలు. రెండు, కన్నీరు. మూడు, శాపము.'

"పెట్టలేమని ఎవరన్నారు?" అన్నారు దివాకరంగారు, కళ్ళజోడు తీసి. "నిషేధం ఏదైనా ఉందా పేర్రాజూ?"

"ఆయ్, నేను సర్వీసులో చేరేక శపించకూడదని జీవో ఏదీ రాలేదండి."

*

అరిష్ట నిర్ధారణ ఉపసంఘం ఏర్పాటైంది. ప్రతిపాదించిన పాపానికి హేమనళిని అందులో సభ్యురాలైంది. ఆమె మూడుసార్లు లేచి, తాను వేళాకోళానికి అన్నానని చెప్పింది. మూడుసార్లూ అది ఆమె వినయంగా నమోదైంది.

పని నిజంగానే కష్టం. సత్యాన్ని ఫార్వర్డు చెయ్యని పౌరుడికి ఏ కీడు జరగాలి? ఆ కీడు భయపెట్టాలి, కానీ ప్రభుత్వంలో ఏ శాఖకూ చెడ్డపేరు తేకూడదు.

'వారి ఇంట కరెంటు పోవును' అని మొదట అనుకున్నారు. విద్యుత్తు శాఖ అభ్యంతరం చెప్పింది. ఇప్పుడు పోతున్న కరెంటు కూడా శాపం లెక్కలోకి పోయి, తమ కృషికి గుర్తింపు ఉండదట. 'కుళాయి నీరు రాదు' అంటే మున్సిపాలిటీ వారు, అసలు కుళాయే లేని కాలనీలకు అన్యాయం జరుగుతుందన్నారు. 'పిల్లలు పరీక్ష తప్పుదురు' అంటే విద్యాశాఖ ఉలిక్కిపడి, ఎవరినీ తప్పించకూడదని తమకు పైనుంచి ఉత్తర్వులున్నాయని కాగితం పంపింది.

న్యాయ సలహాదారు ఒక మౌలిక ప్రశ్న వేశాడు. "శాపం అందరికీ సమానంగా తగలాలా? తెల్లకార్డుదారులకు మినహాయింపు లేదా? వయోవృద్ధులకు అర్ధశాపం సరిపోతుందేమో?"

ఆరో రోజు మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకున్నారు. దివాకరంగారు మాత్రం తన డబ్బా చూసి మూత పెట్టేశారు.

"ఏమైందండీ?" అంది హేమనళిని.

"నిన్నటి మజ్జిగే పెట్టింది మా ఆవిడ. రాత్రి చలికి పెరుగు తోడుకోలేదట. పొద్దున్న లేవగానే గిన్నె వంచితే పాలు పాలుగానే ఉన్నాయి. ఇల్లంతా ఒకటే చిరాకు, ఒకళ్ళతో ఒకళ్ళకి మాటల్లేవు. అన్నం సహించేలా లేదు."

ఉపసంఘంలో అందరి ముద్దలూ గాల్లో ఆగాయి. ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

కరెంటు పోతే విసనకర్ర ఉంది. నీళ్ళు రాకపోతే ట్యాంకరుంది. పెరుగు తోడుకోకపోతే తెలుగువాడికి ఆ రోజు భోజనం పూర్తికాదు. పైగా ఏ శాఖ వారిదీ కాదు. పాడి అభివృద్ధి విభాగానికి ఫోను చేస్తే వారు సంతోషంగా రాసిచ్చారు: 'పాలు మావి. తోడు వేసిన పిమ్మట మా పరిధి సమాప్తము.'

సర్కారు చరిత్రలోనే తొమ్మిది రోజుల్లో పని పూర్తిచేసిన ఉపసంఘం అదొక్కటే. సందేశం విడుదలైంది. పైన నాలుగు గులాబీలు. అపోహకు రెండే ఉన్నాయి కాబట్టి సత్యానికి రెట్టింపు. పన్నెండు దణ్ణాలు. 'ఒక పెద్ద డాక్టరు, పేరు కార్యాలయ రికార్డులందు కలదు, కన్నీళ్ళతో చెప్పునది.' తర్వాత గులాబీల సందున హేమనళిని రాసిన వాక్యం చిన్న అక్షరాల్లో: 'వంకాయ వల్ల బీపీ తగ్గదు, మాత్రలు మానవద్దు.' దాని కింద బొద్దు అక్షరాల్లో: 'సాయంత్రంలోగా పదకొండు మందికి పంపవలెను. పంపని ఇంట పెరుగు తోడుకోదు. ప్రభుత్వ ఆమోదము పొందినది.'

*

మూడు రోజుల్లో ఇరవై రెండు లక్షల మందికి చేరింది. దివాకరంగారు ఆఫీసంతటికీ కాకినాడ కాజాలు పంచారు.

హేమనళిని కాజా పట్టుకుని, ఎంత కాదనుకున్నా కొంచెం ఆశపడుతూనే ఇల్లు చేరింది. అత్తగారు సోఫాలో కూర్చుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, చూపుడువేలితో ఫోను పొడుస్తున్నారు.

"తొమ్మిది... పది... మీ ఆడపడుచుకి పంపితే పదకొండు. అమ్మయ్య! పెరుగు గండం గడిచింది."

"మీకూ వచ్చిందా అత్తయ్యగారూ! చదివారా?"

"చదవడమెందుకే? పంపమన్నారు, పంపాను."

"మధ్యలో ఒక వాక్యముంది, చూడండి."

"గులాబీలు చూశాను. బావున్నాయి."

ఎడమకాలు స్టూలు మీదే ఉంది. కాలికి ఆ రోజు వంకాయ మామూలుది కాదు, గుమ్మటంలా పెద్దది. దీక్ష మూడో వంతు అయింది కదా అని సైజు పెంచారట. బీపీ నూట ఎనభై నాలుగు.

హేమనళిని ఆ మధ్య వాక్యాన్ని పైకి చదివి వినిపించింది. భాస్కరమ్మగారు శ్రద్ధగా విన్నారు. "నిజమే పాపం, మానకూడదు" అన్నారు. "అవి మింగేవాళ్ళు మానకూడదు. నేను మానేశానుగా."

మర్నాడు ఆమె దివాకరంగారి గదిలోకి వెళ్ళి, జనం పంపుతున్నారే గాని చదవటం లేదని చెప్పింది. తన ఇంట్లోనే ఉదాహరణ ఉందని కూడా చెప్పింది.

"చదువుట అనునది మన కొలమానములలో లేదండీ" అన్నారాయన, అనునయంగా. "చేరుట వరకే. మీ అత్తగారికి చేరిందా, లేదా?"

"చేరిందండీ."

"అయితే వారు లబ్ధిదారు."

*

తర్వాతి వారం చలి ముదిరింది. ఊళ్ళో సగం ఇళ్ళలో పెరుగు తోడుకోలేదు. పుష్యమాసంలో తోడు గిన్నె మీద తువ్వాలు కప్పకపోతే అంతేనని ఎవరైనా చెప్తారు. కానీ ఇప్పుడు ప్రభుత్వ ఆమోదం పొందిన కారణం ఒకటి ఉంది కదా.

పేర్రాజు ఒక ఉదయం వగరుస్తూ హేమనళిని గదిలోకి వచ్చాడు. "ఆయ్, మేడంగారూ, కిందకోసారి దిగాలండి. ఇయ్యేళ మూడొందల అర్జీలు ఒచ్చేయండి. పంపినా గానీ తోడుకోలేదంటన్నారండి. సాక్ష్యం కింద పాల గిన్నెలతో సహా ఒచ్చేసేరండి. ఒకావిడైతే నా టేబులు మీద ఒంచి మరీ సూపించిందండి. అటెండెన్సు రిజిస్టరు తడిసిపోయిందండి."

"నేనేం చెయ్యను పేర్రాజుగారూ?"

"తమరు సైంటిస్టు గదండీ. తోడెయ్యరేంటండి?"

దివాకరంగారు దీన్ని చాలా తీవ్రంగా తీసుకున్నారు. ప్రభుత్వం మాట ఇచ్చింది. పంపినవారికి పెరుగు తోడుకుని తీరాలి. ఇంతలో తనిఖీకి వచ్చిన ఆడిటు వారు దీని రెండో వైపు పట్టుకున్నారు. పంపని ఇళ్ళలో కూడా కొందరికి పెరుగు గట్టిగా తోడుకుంటోంది. అంటే శాపం అమలు కావటం లేదు. 'అనర్హులు పెరుగు పొందుచున్నారు' అని ఎర్ర సిరాతో రాసి వెళ్ళారు.

దాంతో తోడు పరిశీలన బృందాలు బయల్దేరాయి. ఒక్కో బృందంలో ఒక అధికారి, ఒక గుమాస్తా, ఒక గరిటె. తెల్లవారి ఆరింటికి తలుపు తట్టి, పెరుగు గిన్నెను నలభై అయిదు డిగ్రీలు వంచి చూడాలి. జారితే తోడుకోనట్టు. పంపినట్టు రుజువు లేకుండా పెరుగు గట్టిగా ఉంటే నోటీసు: 'మీ ఇంట పెరుగు ఏల తోడుకొన్నదో వారం దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.' జగన్నాథపురంలో ఒకావిడ, 'మా తోడికోడలి మీద కసితో తోడేశాను, గట్టిగా వచ్చింది' అని జవాబు రాసింది. దాన్ని ఏ పద్దు కింద వెయ్యాలో తెలియక ఫైలు ఇప్పటికీ తిరుగుతోంది.

తోడు వేసే ప్రామాణిక పద్ధతి రాయమని హేమనళినిని పురమాయించారు. 'పాలు గోరువెచ్చగా ఉండాలి' అని రాసింది.

"గోరువెచ్చన అనగా ఎంత? నిర్వచనం ఇవ్వండి" అన్నాడు న్యాయ సలహాదారు.

"వేలు పెడితే కాలకూడదు, చల్లగానూ ఉండకూడదు."

"ఎవరి వేలు?"

హేమనళిని ఓపిక అంతటితో అయిపోయింది. "గెజిటెడ్ అధికారి వేలు" అంది.

అదీ నమోదైంది. మర్నాటి నుంచి మండలాఫీసుల్లో గెజిటెడ్ అధికారులు సంతకాలకు బదులు వేళ్ళు పెడుతూ కనిపించారు.

ఈ గొడవంతా నవ్వుకోవటానికి బాగానే ఉండేది. కానీ వారం తిరక్కుండా ఇంకో సందేశం బయల్దేరింది. దానికి ఆరు గులాబీలు. ప్రభుత్వమే చెప్పకనే చెప్పిందట, బీపీ మాత్రలకూ పెరుగుకూ సంబంధం ఉందని. లేకపోతే రెండూ ఒకే సందేశంలో ఎందుకు ఉంటాయి? మాత్ర మింగే చేత్తో తోడు వేస్తే పెరుగు తోడుకోదు. అందుకని మాత్రలు మానెయ్యండి, పదకొండు మందికి పంపండి.

అప్పటిదాకా వంకాయ మొహం చూడని వాళ్ళు కూడా మాత్రలు మానటం మొదలుపెట్టారు. హేమనళిని దాన్ని చివరిదాకా చదివింది. వంకాయ అబద్ధానికి తల్లీ తండ్రీ ఎవరో తెలీదు. ఈ అబద్ధానికి మేనత్త మాత్రం తనే.

*

యాభై నాలుగో రోజు పొద్దున్న ఏడింటికి వంటింట్లో స్టీలు గ్లాసు పడిన చప్పుడైంది. హేమనళిని పరుగెత్తేసరికి భాస్కరమ్మగారు గట్టు కింద నేల మీద చతికిలబడి ఉన్నారు. పడలేదట. కళ్ళు తిరిగాయట, తనే కూర్చున్నారట. ముఖం మాత్రం సున్నం వేసిన గోడలా ఉంది.

మాట తడబడటం లేదు. చేతులు రెండూ లేస్తున్నాయి. మూతి వంకర పోలేదు. హేమనళిని ఒక్కొక్కటే చూసి ఊపిరి తీసుకుంది. బీపీ నూట తొంభై ఆరు, నూట పది.

"ఏవండీ, కారు తియ్యండి!"

చలపతి తాళాల కోసం వెతుక్కుంటూ ఇల్లంతా తిరుగుతున్నాడు. గట్టు మీద ఆమె ఫోను మోగింది. దివాకరంగారు. ఆ ఉదయం గరిటెల కొలతల మీద అత్యవసర సమావేశం ఉంది. ఫోను మోగి మోగి ఊరుకుంది.

చెప్పులు తొడుగుదామని హేమనళిని అత్తగారి కాలికట్టు విప్పింది. వంకాయ నల్లగా జారిపడింది. కట్టు తీసినచోట జాకెట్టు గుడ్డ కుట్లతో సహా అచ్చు పడి ఉంది. వేలితో నొక్కితే గుంట పడింది, అలాగే ఉండిపోయింది. వంకాయ కట్టని కుడికాలూ నొక్కింది. అక్కడా గుంటే.

"ఈ వాపు ఎప్పట్నుంచండీ?"

"చెప్పానుగా నీకు."

"నాకా? ఎప్పుడు?"

"శ్రావణ శుక్రవారం. నువ్వు ఈ గట్టు దగ్గరే నుంచుని ఫోను చూసుకుంటున్నావు. డాక్టరు మాత్ర మార్చాక కాళ్ళు వాస్తున్నాయే అన్నాను. ఊఁ అన్నావు." భాస్కరమ్మగారు కాళ్ళకేసి చూసుకున్నారు. "మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఊఁ అన్నావు. వాడితో చెప్తే వయసు కదమ్మా అన్నాడు. చెప్పులు పట్టక గుడికి వెళ్ళటం మానేశాను, అదీ ఎవరూ అడగలేదు. కాళ్ళ ఊసెత్తినవాడు ఆ పెద్ద డాక్టరొక్కడేనే. ఎడమ అరికాలు అన్నాడు. ఒక కాలి సంగతైనా కనుక్కున్నాడుగా!"

కొన్ని రకాల బీపీ మాత్రలకు కొందరికి కాళ్ళు వాస్తాయని హేమనళినికి తెలుసు. ఆ మాత్ర మీద పరిశోధన పత్రాలు ఎన్ని చదివిందో లెక్కలేదు. ఆ కాళ్ళే చూడలేదు.

"తప్పు నాదేనండీ" అంది.

"ఏడిశావులే. ముందు లేవదియ్యి."

డాక్టరు చూశాడు. వాపు మొదలైంది మాత్ర వల్లనేనన్నాడు, మానేశాక కూడా దిగకపోవటం పెరిగిన బీపీ వల్లనన్నాడు, వేరే రకం మాత్ర రాశాడు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచుకుని పంపించాడు. పదిహేను రోజులకు భాస్కరమ్మగారి చెప్పులు ఆవిడ కాళ్ళకు పట్టాయి. బీపీ నూట ముప్పై ఎనిమిదికి దిగింది. మాత్ర రోజూ ఆవిడే అడిగి వేసుకుంటున్నారు. హేమనళిని రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆవిడ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని నొక్కి చూస్తోంది. గుంట పడటం లేదు.

*

హేమనళిని ఆఫీసుకు వెళ్ళి ఒక నోటు పెట్టింది. పంతొమ్మిదేళ్ళలో అంత చిన్న నోటు ఆమె రాయలేదు. 'జనం అబద్ధాన్ని నమ్మటానికి వెనక ఒక్కోసారి నిజమైన బాధ ఉంటుంది. అది ఏమిటో అడిగి వింటే సగం పని అవుతుంది. ఒకరి విషయంలో ఇలా చేయగా మాత్రలు మళ్ళీ వేసుకుంటున్నారు. మన సిబ్బంది వారానికి రెండు పూటలు ఆస్పత్రి వరండాలో కూర్చుని జనం చెప్పేది వినాలని ప్రార్థన.'

దివాకరంగారు నోటు రెండుసార్లు చదివారు. ఆయన ముఖంలో నిజంగానే సానుభూతి కనిపించింది.

"భావం చాలా ఉదాత్తంగా ఉందండీ. కానీ సాంకేతికంగా ఒక చిక్కుంది. పేర్రాజూ, మన సంస్థ ఏర్పాటు జీవో తియ్యి."

పేర్రాజు తీశాడు. దివాకరంగారు వేలు పెట్టి చూపించారు. "'ప్రజలకు సత్యము చెప్పుట.' చూశారా? చెప్పుట అని ఉంది. వినుట అని ఎక్కడా లేదు. లేని అధికారంతో మనం వింటే రేపు ఎవరైనా కోర్టుకెళ్తారు, నా మాట ఎందుకు విన్నారని. ఎవరు జవాబు చెప్తారు?"

"ఆయ్, ఇనడానికి వేరే డిపార్టుమెంటు ఉండేదండి," అన్నాడు పేర్రాజు. "ఎవరూ చెప్పుకోడానికి రాటం లేదని ఎత్తేసేరండి."

"మీరు ఒక వ్యక్తి బాధ విన్నట్టు లిఖితపూర్వకంగా అంగీకరించారు," అన్నారు దివాకరంగారు నొచ్చుకుంటూ. "సమావేశానికి రావలసిన వేళలో విన్నారు కూడా. మీ మీద నాకు గౌరవం ఉంది. అందుకని చిన్న మెమోతో సరిపెడుతున్నాను."

మెమో హేమనళిని సంచిలో టిఫిను డబ్బా పక్కన కూర్చుని ఇంటికి వచ్చింది.

ఇంటి గుమ్మంలో నాలుగు జతల చెప్పులున్నాయి. హాల్లో భాస్కరమ్మగారు సోఫా మధ్యలో కూర్చుని ఉన్నారు. చుట్టూ ఆ అపార్టుమెంటు ఆడవాళ్ళు నలుగురు, అందరూ అరవై దాటినవాళ్ళే. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో మాత్రల డబ్బా ఉంది, మూతలు బిగించే ఉన్నాయి.

"ఇదిగో వచ్చింది మా నళిని," అన్నారు భాస్కరమ్మగారు. "అమ్మాయ్, వీళ్ళంతా మాత్రలు మానేశారే. ఎందుకు మానేశారో నాకు చెప్పారు గానీ, నేను సగం విని ఊరుకున్నాను. సరిగ్గా వినేదానివి నువ్వని తీసుకొచ్చాను."

"మెమో కూడా ఇచ్చారండీ అందుకు," అంది హేమనళిని.

"ప్రమోషనా?"

"దాదాపు అలాంటిదే."

ఆమె సంచి పక్కన పెట్టింది. ఫోను ఆపేసింది. నీళ్ళు తాగి వచ్చి నేల మీద చాప వేసుకుని, మూడో అంతస్తు మంగతాయారుగారి ఎదురుగా కూర్చుంది.

"చెప్పండి పిన్నిగారూ. మాత్రలు ఎందుకు మానేశారు?"

మంగతాయారుగారు డబ్బా పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, కాళ్ళు బాసిపట్టు వేసుకున్నారు.

"చెప్తానమ్మా. ముందు మా పెద్దకోడలి సంగతి చెప్పాలి. అది కాపరానికి వచ్చిన కొత్తలో..."

మాత్ర ఊసు రావటానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది.